పదమూడో కుండ

సోమమ్మ ఆ సాయంత్రం నీళ్లు దేంట్లో తెచ్చుకుంది?

ఈ అనుమానం పద్మావతిని ఏడో ఏట పట్టుకుంది. ఇప్పుడామెకు యాభై ఏడు. ఈలోగా పెళ్లయింది, బాపట్ల నుంచి తార్నాకకు కాపురం వచ్చింది, విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో సిబ్బంది పిల్లల కోసం పెట్టిన ప్రైమరీ స్కూల్లో మూడో తరగతి టీచరైంది. మోకాళ్లు అరిగాయి గాని అనుమానం అరగలేదు.

సోమమ్మ ఒక నోము కథలో మనిషి. అచ్చు పుస్తకాల్లో దొరికే నోము కాదది. పద్మావతి అమ్మమ్మ సుబ్బలక్ష్మి గారికి వాళ్ల అమ్మమ్మ చెప్పింది. శుక్రవారం శుక్రవారం పిల్లల్ని కూర్చోబెట్టి, తలా నాలుగు అక్షింతలు గుప్పిట్లో పోసి, ఆవిడ ఆ కథ చెప్పేది.

ఒక ఊళ్లో ఒక భాగ్యవంతురాలు. ఇంటినిండా పాడి. ఒకనాడొక ముసలమ్మ గుమ్మంలోకి వచ్చి గుక్కెడు చల్ల పొయ్యమని అడిగితే, "చల్లా లేదు, గిల్లా లేదు, పో" అంది. ఆ మర్నాటినుంచి ఎంత చిలికినా వెన్న పడలేదు. కవ్వం తిరగడమే గాని కుండలో ఏమీ తేలలేదు. భాగ్యవంతురాలు కుళ్లి కుళ్లి ఏడ్చింది. ఆ ముసలమ్మే అమ్మవారై కలలో కనిపించి, పదమూడు కుండల నిండా చల్ల పోసి పదమూడు మంది ముత్తైదువలకు వాయనమిమ్మంది. చూసుకుంటే ఇంట్లో కుండలు పన్నెండే ఉన్నాయి. కుమ్మరి చూస్తే పొరుగూరు వెళ్లాడు. ఆ ఇంట్లో అంట్లు తోమే సోమమ్మ, నీళ్లు పట్టుకుపోదామని తెచ్చుకున్న కుండ దొడ్డి గుమ్మం పక్కన కనిపించింది. భాగ్యవంతురాలు దాన్ని కడిగించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పదమూడో వాయనం కింద ఇచ్చేసింది. వెన్న పడింది. అందరూ సుఖంగా ఉన్నారు. చెప్పడంలో పొరపాటు వచ్చినా ఫలంలో పొరపాటు రాకూడదని దండం పెట్టుకుని, అక్షింతలు నెత్తిన వేసుకోవాలి.

ఏడేళ్ల పద్మావతి వేసుకోలేదు. గుప్పిట అలాగే పట్టుకుని, "అందరూ అంటే సోమమ్మ కూడానా అమ్మమ్మా? ఆవిడ కుండ ఆవిడకి ఇచ్చారా?" అంది.

"ముందు అక్షింతలు వేసుకోవే. నోము కథలో యక్షప్రశ్నలు వేస్తే కళ్లు పోతాయి."

పద్మావతి గభాలున వేసేసుకుంది. కళ్లు పోలేదు. నలభయ్యో ఏట కళ్లజోడు వచ్చింది. అది అందరికీ వచ్చేదే అని డాక్టరు అన్నాడు. అయినా ఆమెకి ఆ విషయంలో కొంచెం లెక్క తేలలేదు.

ఆమె భక్తురాలు. శుక్రవారం దీపం తప్పించిన గుర్తు లేదు. కథ తనకు తానే చెప్పుకుంటుంది, అమ్మమ్మ చెప్పినట్టే, ఒక్క మాట అటూ ఇటూ కాకుండా. నోము కథకి మాట కలపడం పాపం. అయినా "అందరూ సుఖంగా ఉన్నారు" దగ్గరికి వచ్చేసరికి ప్రతివారం నాలుక కాస్త తడబడేది.

ఇరవై అయిదేళ్ల కిందట, కొత్తగా స్కూల్లో చేరినప్పుడు, అమ్మవారిని తీసేసి వట్టి ముసలమ్మనే ఉంచి, దానగుణం మీద పాఠానికి ఆ కథ మూడో తరగతికి చెప్పింది. యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా జ్ఞానప్రకాశం గారి కూతురు రూతు, రెండో బెంచీలోంచి లేచి నిలబడింది.

"టీచర్, మరి సోమమ్మ కుండ?"

పద్మావతికి తన గుప్పిట్లోంచి అక్షింతలు ఎవరో తీసి చూపించినట్టయింది. ఇంతలో గంట కొట్టారు. "రేపు చెప్తా, కూర్చో" అంది.

మర్నాడు రూతు ఆమె మొహం వంకే చూస్తూ కూర్చుంది. పద్మావతి ఎక్కాల పుస్తకం తీసింది. ఆ తర్వాత రోజూ అంతే. ఆ పిల్ల వారం రోజులు చూసి, చూడ్డం మానేసింది. ఆ "రేపు" మాత్రం ఇప్పటికీ రాలేదు. రూతు పెద్దదై, అదే యూనివర్సిటీలో పరీక్షల విభాగంలో ఉద్యోగం చేస్తోంది. ఆమె కూతురు షారోన్ ఇప్పుడు మూడో తరగతి. అదే గది, కిటికీ పక్క బెంచీ.

ఇలా ఉండగా స్కూలుకి సమస్య వచ్చింది. పరిష్కారంతో సహా వచ్చింది.

తెచ్చినాయన పేరు డాక్టర్ ఆత్రేయ. క్యాంపస్‌లోనే విద్యాశాస్త్రం చెప్పే యువకుడు, హబ్సిగూడలో అపార్టుమెంటు, చంకలో ల్యాప్‌టాప్. ఈ కాలం పిల్లలకి కథ చదివితే అందులో సమస్య ఏమిటో, పరిష్కారం ఏమిటో తెలియడం లేదని ఆయన కనిపెట్టాడు. దాన్ని నయం చెయ్యడానికి ఢిల్లీలో ఒక సంస్థ డబ్బిస్తోంది. హెడ్మిస్ట్రెస్ స్నేహలత టీచర్లందర్నీ కూర్చోబెట్టింది. ఆత్రేయ గోడమీద బొమ్మ వేశాడు. పైన ఎర్ర గడి, కింద పచ్చ గడి, మధ్యలో బాణం.

"చాలా సింపుల్ మేడమ్. ఎర్ర గడిలో సమస్య, పచ్చ గడిలో పరిష్కారం. ఒక కథకి ఒకే సమస్య, ఒకే పరిష్కారం. రెండో సమస్య కనిపించిందనుకోండి, దాన్ని మేము నాయిస్ అంటాం. నాయిస్‌ని పట్టించుకోకుండా ఉండడం పిల్లలకి నేర్పాలి."

పద్మావతి ఇన్నేళ్లుగా ఈ పని గడులు లేకుండా చేస్తూనే ఉంది. కథ అవగానే అడిగేది: ఎవరికి ఏం కావాల్సొచ్చింది? ఏం అడ్డొచ్చింది? ఏం చేశారు? చేస్తే తీరిందా? పిల్లలు కొట్టుకుచచ్చేవాళ్లు. గంట కొట్టినా వదిలేవాళ్లు కాదు. అందుకని ఆమె మెల్లగా చెయ్యెత్తింది.

"బావుందండీ. మరి 'ఎవరికి' అని ఒక గడి ఉండొద్దూ? సమస్య ఎవరిదో తెలియాలి కదా."

ఆత్రేయ గోడవైపు చూసి, నవ్వి, "చార్ట్‌లో చోటు లేదు మేడమ్" అన్నాడు.

తర్వాత, పరీక్షకి స్థానిక కథలు కావాలి, ఎవరికైనా ఇంట్లో చెప్పుకునే కథలు వస్తే ఇవ్వండి అన్నాడు. పద్మావతికి ఆ ఒక్క నిమిషం ఏ పురుగు కుట్టిందో, అమ్మమ్మ కథ చెప్పింది. ఆత్రేయ ఫోన్లో రికార్డు చేసుకుంటూ, "ఇది కదా కావాల్సింది! మట్టి వాసన!" అన్నాడు. ఆ ఫోను నిండా మట్టి వాసన పట్టుకుని వెళ్లిపోయాడు.

నెల తిరక్కుండా పిల్లలు ఆ విద్యలో ఆరితేరారు. సాయితేజ అనే గడుగ్గాయి అందరికన్నా ముందు కిటుకు కనిపెట్టాడు.

"టీచర్, కథ మొత్తం సదువుడు ఎందుకు? ఫస్టు లైన్ల ఏడుస్తరు, అది రెడ్డు. లాస్టు లైన్ల నవ్వుతరు, అది గ్రీను. నడ్మల ఉన్నదంతా వేస్టు."

నాలుగు నిమిషాల్లో పేపరిచ్చేసి పదికి పది తెచ్చుకున్నాడు. ఆత్రేయ వాడి వీపు తట్టాడు. కౌముది వాళ్లమ్మ స్కూలుకొచ్చి, "ఇంట్లో వంకాయ కూర పెడితే మా అమ్మాయి ఇది రెడ్ బాక్సు, హబ్సిగూడ దోసె గ్రీన్ బాక్సు అంటోందండీ. బాగానే నేర్పుతున్నారు" అని మెచ్చుకుందో తిట్టిందో తెలియకుండా చెప్పి వెళ్లింది.

అసలు పరీక్ష వచ్చింది. పేపర్లో ఉన్నది ఒకే కథ, పద్మావతి ఇచ్చినదే. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది, ఎర్ర గడిలో "వెన్న పడలేదు" అనీ, పచ్చ గడిలో "పదమూడు కుండలు ఇచ్చింది" అనీ రాశారు. షారోన్ ఎర్ర గడిలో "సోమమ్మ కుండ పోయింది" అని రాసింది. పచ్చ గడి ఖాళీగా వదిలేసి, దాని కింద చిన్న అక్షరాలతో "కథలో చెప్పలేదు" అని రాసింది.

సున్నా వచ్చింది.

సున్నా వచ్చినవాళ్లకి పునాది గట్టిగా లేదని లెక్క. ఏడాది అయ్యేదాకా రెండో తరగతిలో కూర్చోవాలి. లిస్టులో ఒకే పేరుంది, కింద క్లాసు టీచరు సంతకానికి గీత ఉంది. శుక్రవారం ఢిల్లీవాళ్లు చూడ్డానికి వస్తున్నారు, శనివారం మధ్యాహ్నంలోగా సంతకం పెట్టి ఇమ్మంది స్నేహలత.

పద్మావతి ఆ పేపరు పట్టుకుని క్యాంపస్‌లో అరమైలు నడిచి ఆత్రేయ గదికి వెళ్లింది.

"ఆత్రేయ గారూ, ఈ పిల్ల రాసింది నిజమే కదండీ. కుండ పోయింది కదా."

"పోతే పోయింది మేడమ్. జవాబుల కీలో లేదు."

"కథ నాదండీ."

"కథ మీదే మేడమ్, కాదనను. కీ మాది. మీరు ఇన్ఫార్మెంట్, అంటే సమాచారం ఇచ్చిన మనిషి. మార్కులు వెయ్యడం వేరే సబ్జెక్టు."

"మా అమ్మమ్మ చెప్పిన కథలో సమస్యేమిటో నాకు తెలియదంటారు."

"తెలియడం వేరు, రుజువై వ్యాలిడేట్ అవ్వడం వేరు."

పద్మావతి ఆయన టేబులు మీది గాజు గుండు తీసి, ఆ పేపరు మీద పెట్టింది. "పోనీ, సమాచారం ఇచ్చిన మనిషి దగ్గర ఇంకాస్త సమాచారం ఉందనుకోండి?"

"అడిషనల్ డేటా వస్తే కీ మార్చాలి. రూల్సులో రాశాం. ఢిల్లీవాళ్లు దాని విషయంలో చాలా స్ట్రిక్టు." ఆయన గర్వంగా చెప్పాడు. "కానీ మీరు మొత్తం చెప్పేశారు కదా?"

"మొత్తం చెప్పేశానండీ" అంది ఆమె. అప్పటికి అది నిజమే.

ఆ సాయంత్రం తార్నాకలో ఇంటికెళ్లి, కాళ్లు కడుక్కుని, దీపం పెట్టి, భర్త పేరయ్య ముందు కూలబడింది. ఆయన రిటైరైన దగ్గరనుంచి కూరలు తరగడం తన శాఖగా తీసుకున్నాడు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ మొత్తం విన్నాడు.

"సంతకం పెట్టకపోతే ఏం చేస్తారు?"

"నా బదులు ఇంకొకళ్లు పెడతారు. ఆ పిల్ల ఎలాగూ దిగుతుంది."

"అయితే పెట్టెయ్యి."

"ఆ పిల్ల అడిగింది నేనడిగిందేనండీ. ఏడేళ్లప్పుడు నేనడిగితే అక్షింతలు వేసుకోమన్నారు. వాళ్లమ్మ అడిగితే రేపన్నాను. ఇది అడిగితే సున్నా వేశాం. రోజురోజుకీ మనకి చదువెక్కువవుతోంది."

పేరయ్య చిక్కుడుకాయ వంక చూసి, "ఇందులో సమస్య ఈనె, పరిష్కారం నేను" అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

గురువారం బడి వదిలాక రూతు గేటు దగ్గర స్కూటరాపి నిలబడి ఉంది. రామంతాపూర్ వెళ్లాలి, ఎండ మొహం మీద కొడుతోంది. గొంతు పెంచలేదు.

"మా షారోన్‌ని రెండో తరగతిలో కూర్చోబెడతారంట కదా టీచర్."

"ఇంకా సంతకం పెట్టలేదమ్మా."

"మీరేం చేస్తారు, మీ చేతుల్లో ఏముంది? నేను గొడవకి రాలేదు. అది రెండ్రోజులనుంచి అన్నం సరిగ్గా తినట్లే. ఏం తప్పు రాసిందో చెప్తే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పించుకుంటా. అదొక్కటి చెప్పండి."

షారోన్ స్కూటరు ముందు నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, పద్మావతి మొహం వంకే చూస్తోంది. ఆ చూపు ఆమెకి బాగా తెలుసు.

"రే..." అంది పద్మావతి. అని, మిగతా అక్షరం మింగేసింది.

"వస్తాం టీచర్" అంది రూతు స్కూటరు స్టార్ట్ చేస్తూ.

శుక్రవారం వచ్చింది. తెల్లవారుజామున పద్మావతి దీపం పెట్టి, కథ చెప్పుకుని, "అందరూ సుఖంగా ఉన్నారు" దగ్గర మామూలుగానే తడబడి, అక్షింతలు వేసుకుని స్కూలుకి వెళ్లింది. అక్కడ స్నేహలత పిల్లలచేత అప్పటికి ఆరోసారి వల్లె వేయిస్తోంది. "రెడ్?" అంటే "వెన్న పడలేదు!", "గ్రీన్?" అంటే "పదమూడు కుండలు!" వారం రోజులుగా అదే పాట. ఢిల్లీ అతిథి కంట పడకుండా షారోన్‌ని ఆయా యాదమ్మతో మొక్కలకి నీళ్లు పొయ్యమని బయటికి పంపారు.

ఢిల్లీ నుంచి వచ్చినావిడ నూలు చీర, వెండి గాజులు, మంచి మనిషిలాగే ఉంది. తెలుగు ఒక్క ముక్క రాదు. ముందు వరుసలో కూర్చుని, పిల్లలకి తెలియని కథ ఏదైనా అప్పటికప్పుడు చెప్పమని ఆత్రేయని ఇంగ్లీషులో కోరింది. ఆయన మొహంలో రంగు మారింది. స్నేహలత చీర కొంగుతో మెడ తుడుచుకుంది. తప్పదు గనక ఆయన ఒక కథ అల్లాడు. చింటూ అనే పిల్లవాడు తార్నాక స్టేషన్లో మెట్రో దిగేటప్పుడు టిఫిన్ డబ్బా రైల్లో మర్చిపోయాడు. ఏడ్చాడు. స్టేషనువాళ్లు ఫోన్ చేసి తర్వాతి స్టేషన్లో డబ్బా తీయించి ఇచ్చారు.

"ఇందులో సమస్య ఏమిటి పిల్లలూ?" అన్నాడు, ఎర్ర గడి మీద కర్ర పెట్టి.

కర్ర ఎర్ర గడి మీద పడిందో లేదో, ముప్పై తొమ్మిది గొంతులు ఒక్కసారే లేచాయి.

"వెన్న పడలేదు!"

గది గోడలు అదిరాయి.

"పరిష్కారం?"

"పదమూడు కుండలు ఇచ్చింది!"

కిటికీ అవతలనుంచి యాదమ్మ గొంతు వినపడింది. "గా మెట్రోల వెన్నేంది, కుండలేంది? పోరగాండ్లకు దయ్యం పట్టిందా ఏంది?"

అతిథి ఆత్రేయ వైపు తిరిగి, పిల్లలేమన్నారని ఆత్రంగా అడిగింది. ఆత్రేయ గొంతు సవరించుకున్నాడు. చింటూకి అందవలసిన పోషకాహారానికి అంతరాయం కలగడం సమస్య అనీ, పదిమందీ తలా ఒక చెయ్యి వేసి దాన్ని తీర్చడం పరిష్కారమనీ పిల్లలు పరీక్ష కథలోంచి అల్లుకున్న సొంత ఉపమానంలో చెప్పారని, మంచి ఇంగ్లీషులో చెప్పాడు. అతిథి కళ్లు చెమర్చాయి. "వండర్‌ఫుల్!" అంది. రాసుకుంది. ఇంత చిన్న పిల్లలు ఉపమానాల్లో మాట్లాడడం తానెక్కడా చూడలేదంది. సాయితేజ పక్కవాడితో, "ఏం చెప్పినా నడుస్తదిరా" అన్నాడు. ఆ రోజు ఆ గదిలో జరిగిన నిజమైన చదువు అదొక్కటే.

ఈ ఉపమానాలకి మూలమైన కథ ఇచ్చిన టీచరు ఎవరో చూడాలని అతిథి అడిగింది. స్నేహలత పద్మావతిని ముందుకి తోసింది. శాలువా కప్పారు. ఎండాకాలం శాలువా. మైకు చేతికిచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

పద్మావతి కిటికీలోంచి చూసింది. షారోన్ ప్లాస్టిక్ మగ్గుతో క్రోటన్ మొక్కకి నీళ్లు పోస్తోంది. పోసిన మొక్కకే మళ్లీ పోస్తోంది. యాదమ్మ, "గదానికి చాలు బిడ్డా, గీడ పొయ్" అంటోంది. సోమవారంనుంచి ఆ పిల్ల రెండో తరగతి గదిలో, తనకంటే జానెడు పొట్టి పిల్లల మధ్య కూర్చుంటుంది. లిస్టు కింద గీత ఇంకా ఆమె సంతకం కోసం ఎదురుచూస్తోంది.

అమ్మా, కళ్లు పోతే పోయాయి, అనుకుంది పద్మావతి.

"నేనిచ్చిన కథ పూర్తి కాలేదండీ" అంది మైకులో. "చివర ఇంకాస్త ఉంది. చెప్పలేదు. ఆత్రేయ గారూ, ఇది మీరన్న అడిషనల్ డేటా."

అతిథి చటుక్కున తలెత్తింది. గంట నుంచి ఆ గదిలో ఆవిడకి సూటిగా అర్థమైన మాట అదే. కలం తెరిచింది.

పద్మావతి చెప్పింది. భాగ్యవంతురాలు పదమూడు కుండలూ ఇచ్చాక కూడా వెన్న పడలేదు. అమ్మవారు మళ్లీ వచ్చి, "పన్నెండే ముట్టాయి. పదమూడోది నీది కాదు, అది నువ్వెలా ఇస్తావు?" అంది. ఆ కుండ ఎవరిదో వాళ్లకి చేరాకే ఆ ఇంట్లో వెన్న పడింది. అంతే కథ. మా అమ్మమ్మ ఇలా చెప్పిందని మాత్రం అనలేదు. అంత అబద్ధానికి ఆమెకి నోరు రాలేదు.

ఆత్రేయ తప్పనిసరై అంతా ఇంగ్లీషులోకి దింపాడు. అతిథి ఉత్సాహంగా, అయితే సమస్యా పరిష్కారమూ రెండూ మారాయి గనక జవాబుల కీ మారుస్తారు కదా, రేపటికల్లా కొత్త మార్కులు పంపండి అంది. "డెఫినెట్లీ" అన్నాడు ఆయన.

ఆ సాయంత్రం పద్మావతి ఇంట్లో గోడ క్యాలెండరు దగ్గర నిలబడి, కళ్లజోడు తీసి, తిథి నక్షత్రాల చిన్న అక్షరాలు చదవబోయింది. కనబడలేదు. నిన్న కూడా కనబడలేదని గుర్తు చేసుకుని కొంచెం ధైర్యం తెచ్చుకుంది.

శనివారం పొద్దున హెడ్మిస్ట్రెస్ గదిలో ఆత్రేయ ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. కొత్త కీ ప్రకారం సమస్య, సోమమ్మ కుండ పోవడం. ముప్పై తొమ్మిది మందికి సున్నా. పదికి పది తెచ్చుకునే సాయితేజకీ సున్నా. సమస్య సరిగ్గా రాసి, పరిష్కారం తనకిచ్చిన కథలో లేదని కూడా సరిగ్గా రాసిన షారోన్‌కి పదికి పది.

"రూలు ప్రకారం ముప్పై తొమ్మిది మందినీ రెండో తరగతికి దించాలి మేడమ్" అన్నాడు నీరసంగా.

"దించి ఎక్కడ కూర్చోబెట్టను సార్, నా నెత్తిమీదా?" అంది స్నేహలత. "ఆ గదిలో ఉన్నవే పదిహేను బెంచీలు. పిల్లల తల్లిదండ్రుల్లో మీ డిపార్టుమెంటువాళ్లే ఆరుగురు. మీ హెడ్డు గారి మనవరాలు కౌముది. ఫోన్ మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

ఆత్రేయ కాసేపు ఆలోచించి, "పోనీ, మిగతావాళ్లని ఉంచేసి షారోన్ని నాలుగో తరగతికి పంపితే?" అన్నాడు.

"పంపండి. ఏడాది తిరిగేసరికి మీ సీట్లో కూర్చుంటుంది."

పావుగంట తర్వాత ఆత్రేయ రిపోర్టులో ఒక వాక్యం టైపు కొట్టాడు. ఈ కథ సాంస్కృతికంగా మిక్కిలి సంక్లిష్టమైనందున పరీక్ష నుంచి తొలగించడమైనది. పరీక్షలో ఉన్నది ఆ ఒక్క కథే గనక, పరీక్ష కూడా దాంతోపాటే వెళ్లిపోయింది. మార్కులు లేవు, లిస్టు లేదు. పద్మావతి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని స్నేహలత నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న టేబులు కాలికింద దోపింది. టేబులు కుదురుకుంది.

బయటికి వెళ్తూ ఆత్రేయ గుమ్మం దగ్గర ఆగాడు. "మేడమ్, నిజం చెప్పండి. ఆ ముగింపు మీ అమ్మమ్మ గారు చెప్పిందేనా?"

"వ్యాలిడేట్ చెయ్యడానికి ఆవిడ లేదండీ" అంది పద్మావతి.

బడి వదిలారు. గేటు దగ్గర రూతు హెల్మెట్ తీసి పట్టుకుని నిలబడి ఉంది. వార్త అప్పటికే పరీక్షల విభాగానికి చేరినట్టుంది. థాంక్స్ చెప్పబోతే పద్మావతి చెయ్యడ్డం పెట్టింది.

"ఉండమ్మా. ముందు నీ బాకీ తీర్చనీ."

"నాకేం బాకీ టీచర్?"

"సోమమ్మ కుండ. రేపు చెప్తానన్నాను. మూడో తరగతిలో."

రూతు ఒక్క క్షణం ఆమె వంక చూసి, ఫక్కున నవ్వింది. "మీకు గుర్తుందా! వారం రోజులు చూశాను టీచర్, ఇవాళ చెప్తారు, ఇవాళ చెప్తారని. తర్వాత మీరు చెప్పరని అర్థమై, నేనే ఒకటి అల్లుకున్నా. దీనికి రోజూ పడుకునేటప్పుడు అదే చెప్పేదాన్ని."

"ఏమని?"

"ఏముంది? సోమమ్మ తిన్నగా ఆ పదమూడో ఆవిడ ఇంటికి పోయింది. కుండలో చల్ల వాళ్ల వాకిట్లో పారబోసింది. కుండ చంకన పెట్టుకుని వచ్చేసింది. ఒక్క మాట మాట్లాడలే."

పద్మావతి ఆలోచించింది. తన ముగింపులో అమ్మవారు ఇంకోసారి రావాల్సి వచ్చింది. ఇందులో అసలు రానవసరం లేకపోయింది. ఇది అమ్మవారికి కోపం తెప్పిస్తుందో, పని తగ్గిస్తుందో ఆమెకి తోచలేదు.

"మరి అది పేపర్లో ఎందుకు రాయలేదే?" అంది షారోన్‌తో.

"అది అమ్మ చెప్పింది టీచర్. కథల లేదు కదా, ఎట్ల రాస్తా?" అంది షారోన్, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు. "మీది చెప్పండి. ఆరోజు సాయంత్రం సోమమ్మ నీళ్లు దేంట్ల తెచ్చుకుంది?"

అది పద్మావతి ప్రశ్నే, ఆమె మాటల్లోనే. గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. పక్కనే షారోన్ని కూర్చోబెట్టుకుంది. రూతు స్కూటరుకి స్టాండు వేసింది.

"తెచ్చుకోలేదు" అంది పద్మావతి. "ఆ సాయంత్రం సోమమ్మ అసలు నీళ్లకే పోలేదు."

"ఊఁ" అంది రూతు.

"భాగ్యవంతురాలు ఆ పదమూడో ఆవిడ దగ్గరికి వెళ్లి, తప్పయిందని చెప్పి, కుండ వెనక్కి తీసుకుంది. నూతి దగ్గరికి తనే పోయింది. పుట్టి బుద్ధెరిగాక చేద పట్టుకోవడం అదే మొదలు. అరిచేతులు ఒరుసుకుపోయాయి. కుండ నింపి, చంకన పెట్టుకుని, సగం చీర తడుపుకుని, ఊరంతా చూస్తుండగా సోమమ్మ ఇంటికి మోసుకెళ్లి గడపలో దింపింది."

"ఊఁ. సోమమ్మ ఏమంది?"

"పక్కకి జరుపు, దారికడ్డంగా పెట్టావు అంది."

షారోన్ గలగలా నవ్వింది. రూతు నవ్వలేదు. చిన్నపిల్లలా రెండు చేతులూ కట్టుకుని, తల ఒక పక్కకి వంచి వింటోంది.

"ఇప్పుడు అందరూ సుఖంగా ఉన్నారు" అంది పద్మావతి. ఈసారి నాలుక తడబడలేదు.

"ఇంతేనా టీచర్?" అంది రూతు.

"ఇంతేనమ్మా. ఇరవై అయిదేళ్లు ఆలస్యమైంది."

"పర్లేదు. ముట్టింది" అని రూతు హెల్మెట్ పెట్టుకుంది.